టీవీ వాళ్లు దాటేసే అధ్యాయం

ఎడిటర్ గారికి నమస్కారం.

నవంబరు 26 దగ్గర పడితే చాలు, 2008 ముంబయి ఉగ్రదాడుల డాక్యుమెంటరీలు టీవీలో వరస కడతాయి. తాజ్ గుమ్మటం మీద పొగ, దాడి చేసినవాళ్లలో ప్రాణాలతో దొరికిన కసబ్ తుపాకీ పట్టుకున్న ఫొటో, వెనక గుండెలదిరే మ్యూజిక్, ఇక గంటలో ముప్పావు వంతు ఆ హోటల్ చుట్టూనే. సీఎస్‌టీ స్టేషన్లో దూరపు రైళ్ల కోసం మూటలతో కూర్చున్న మామూలు జనం 50 మందికి పైగా చనిపోతే, వాళ్లకిచ్చేది రెండు మూడు నిమిషాలు. పోయినవాళ్లలో కూడా స్టార్ హోటల్, రైల్వే ప్లాట్‌ఫారం అని తేడా ఉంటుందేమో మరి!

ఇక చరిత్ర అంటే ఒక మ్యాప్, కరాచీ నుంచి ముంబయికి ఒక ఎర్ర గీత, అంతే. ఈ దాడి చేయించిన పాకిస్తాన్ ముఠా లష్కరే తోయిబా 2008లో ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సేనల మీద జరిగిన యుద్ధం, దాంట్లోకి వచ్చిపడిన డబ్బూ ఆయుధాలూ, సైనిక పాలకుడు జియా ఉల్ హక్ కాలం నుంచి పాకిస్తాన్ సైన్యం ఇలాంటి ముఠాలను పెంచి పోషించిన తీరు, అటు యుద్ధం ముగిశాక చూపు కశ్మీర్ మీదికి మళ్లడం, 2000 డిసెంబరులో ఎర్రకోట దాడి, 2002లో పాకిస్తాన్ పేరుకు నిషేధించినా జమాత్ ఉద్ దవా అనే సంస్థ ముసుగులో అదే దుకాణం నడవడం, ఇవన్నీ చెబితేగా మా పిల్లలకు అర్థమయ్యేది. ముంబయిలో ముందే రెక్కీ చేసిపోయిన హెడ్లీ ఒకప్పుడు అమెరికా మాదకద్రవ్యాల నిఘా సంస్థకే ఇన్ఫార్మర్. ఇంత కథ ఉంటే దాన్నొదిలేసి నటులతో తుపాకులు పేల్పించడం దేనికో.

నాకు అసలు కోపం మాత్రం ఇంకో దాని మీద. ఆ మూడు రోజులూ టీవీ చేసిన పని కూడా ఈ చరిత్రలో భాగమే, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. ఉగ్రవాదులు చొరబడిన యూదుల కేంద్రం నారిమన్ హౌస్ మీద కమాండోలు హెలికాప్టర్ నుంచి దిగుతుంటే దేశమంతా లైవ్‌లో చూసింది, పాకిస్తాన్‌లో కూర్చుని ఫోన్లో ఉగ్రవాదులను నడిపిస్తున్నవాళ్లూ టీవీ చూస్తూనే ఆదేశాలిచ్చారు. ఇది నా మాట కాదు, 2012 ఆగస్టులో కసబ్ ఉరిని ఖరారు చేస్తూ సుప్రీంకోర్టు ఆ ఫోన్ సంభాషణలన్నీ పరిశీలించి మరీ చానెళ్లను కడిగేసింది. భావ ప్రకటన స్వేచ్ఛ పేరుతో దీన్ని సమర్థించుకోవడం కుదరదని, ఆ దృశ్యాలు ఆపరేషన్ అయ్యాక చూపించినా సరిపోయేదని అన్నది. ఆపరేషన్ నడుస్తుండగా లైవ్ కూడదని 2015లో కేబుల్ టీవీ నిబంధనలే మార్చారు. అయినా పహల్గాం ఉగ్రదాడి తర్వాత, 2025 ఏప్రిల్‌లో, కేంద్రం చానెళ్లకు మళ్లీ గుర్తు చేయాల్సి వచ్చింది. ముంబయికి ఎన్ఎస్‌జీ కమాండో దళం ఆలస్యంగా వచ్చిందని, అందుకే తర్వాత మన హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో హబ్‌లు పెట్టారని డాక్యుమెంటరీల్లో చెబుతారు, బాగానే ఉంది. ప్రభుత్వం తప్పు, నిఘా వర్గాల తప్పు, పోలీసుల తప్పు అన్నీ లెక్క కడతారు. మరి చానెళ్లవారూ, మీ లెక్కేదండీ?

పోలీసుల కథనాన్నే చరిత్రగా చూపించడం కూడా ఆపాలి. 2006 ముంబయి రైలు పేలుళ్ల కేసులో 2015లో శిక్ష పడిన వాళ్లందరినీ 2025 జులైలో బాంబే హైకోర్టు నిర్దోషులంది, ఆ తీర్పును వేరే కేసుల్లో ఉదాహరణగా వాడకుండా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, విషయం ఇంకా పై కోర్టులో ఉంది. ఇలాంటప్పుడు ఆ కేసు మీద పాత ప్రోగ్రామ్ వేస్తే కనీసం కింద ఒక లైన్ స్క్రోలింగ్ అయినా వేయాలి కదా. బ్రేకింగ్ న్యూస్ అని రోజుకు వందసార్లు వేసేవాళ్లకు అదేమంత కష్టం?

మీ పేజీల్లో సీరియళ్లకు, సినిమాలకు రివ్యూలు రాస్తారు, ఈ డాక్యుమెంటరీలకూ రాయండి. వచ్చే నవంబరులో ఏ తెలుగు చానెలైనా సుప్రీంకోర్టు తీర్పులో తమ గురించి ఉన్న ఆ పేరాలు చదివి వినిపిస్తే, నేను యాడ్స్‌తో సహా కూర్చుని చూస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, వరంగల్