మలావి పోస్టింగుకి వెళ్ళేముందు

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. మెడిసిన్ చదువులో నువ్వు కోరుకున్న చోట పనిచేసి నేర్చుకునే నీ ఎలెక్టివ్ పోస్టింగుకి, ఆఫ్రికాలోని మలావిలో జిల్లా ఆసుపత్రి ఖాయమైందని విని చాలా సంతోషించాను. ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నావు, దొరికింది. అయితే నిన్న ఫోన్లో నువ్వన్న ఒక మాట నా మనసులో ఉండిపోయింది. "అక్కడ మమ్మల్ని అన్నీ చేయనిస్తారటమ్మా, కాన్పులూ కుట్లూ అన్నీ" అన్నావు. సీనియర్లు చెప్పి ఉంటారు. ఆ మాట గురించే ఈ ఉత్తరం. ఫోన్లో ఇంత వివరంగా చెప్పడం కుదరదు.

నేను నర్సుగా పనిచేసిన వార్డులకీ బయటి దేశాలనుంచి విద్యార్థులు వచ్చేవాళ్ళు. మంచి పిల్లలే, కష్టపడే పిల్లలే. అందులో ఒకబ్బాయి ఓ చిన్నపిల్లవాడికి వెన్నులోంచి నీరు తీయడానికి సిద్ధపడ్డాడు. అంతకుముందు ఎప్పుడూ చేయలేదు. వాళ్ళ కాలేజీలో ఆ అవకాశం రాలేదట, ఇక్కడైతే దొరుకుతుందనుకున్నాడు. పొడిచి తీసి, మళ్ళీ పొడిచాడు. పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. చివరికి మా సీనియర్ డాక్టర్ వచ్చి ఒక్కసారికే పూర్తిచేశారు. పిల్లవాడికి ఏమీ కాలేదు. కానీ ఆ తండ్రి అంతసేపూ పక్కనే నిలబడి, తన బిడ్డని చూడటానికి ఎక్కడినుంచో పెద్ద డాక్టర్ వచ్చాడనే అనుకున్నాడు. అతను ఇంకా చదువుకుంటున్నాడని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

నీ కాలేజీలో సీనియర్ పక్కన లేకుండా నువ్వు చేయకూడనిది అక్కడా చేయకూడదు తల్లీ. విమానం దిగినంత మాత్రాన చేతికి కొత్త పని రాదు. ప్రతి రోగికీ నువ్వు విద్యార్థినివని తెలియాలి. వాళ్ళ భాషలో తెలియాలి. మలావిలో ఎక్కువమంది మాట్లాడేది చిచేవా. "నేను డాక్టర్ని కాను, నేర్చుకుంటున్నాను, మిమ్మల్ని పరీక్ష చేయొచ్చా" అనే మాటలు వెళ్ళేలోపు చిచేవాలో నేర్చుకో. నువ్వు పరీక్ష చేయొద్దని వాళ్ళన్నా, వాళ్ళకి అందే వైద్యం ఆగిపోదని అర్థమయ్యేలా చెప్పించు. వైద్యం ఆగిపోతుందనే భయంతో ఇచ్చే ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. 2010లో వెయిట్ అనే నిపుణుల బృందం గ్లోబల్ హెల్త్, అంటే ప్రపంచంలో అందరి ఆరోగ్యం కోసం దేశాలు కలిసి చేసే పని, దాని శిక్షణకోసం నైతిక మార్గదర్శకాలు ప్రచురించింది. పంపే కాలేజీ ఏం చూసుకోవాలి, చేర్చుకునే ఆసుపత్రికి ఏం దక్కాలి, వెళ్ళే విద్యార్థి హద్దులేమిటి, అన్నీ అందులో ఉన్నాయి. వెళ్ళేముందు తప్పకుండా చదువు.

మరి పక్కన ఎవరూ లేకపోతే ఏం చేయాలి అంటావు. నిజంగా ప్రాణం మీదికొస్తే నీకు బాగా వచ్చింది చెయ్యి. ఊపిరి ఆడేలా చూడు, రక్తం కారేచోట అదిమిపట్టు, గట్టిగా కేకవెయ్యి. కానీ "ఎవరూ లేరు" అనే మాట చాలాసార్లు నిజం కాదు. డాక్టర్ లేకపోవచ్చు. క్లినికల్ ఆఫీసర్ ఉంటారు, మిడ్‌వైఫ్ ఉంటుంది. మలావి జిల్లా ఆసుపత్రుల్లో సిజేరియన్లు ఎక్కువగా చేసేది క్లినికల్ ఆఫీసర్లే. వాళ్ళకి వైద్యం చేసే శిక్షణ ఉంటుంది కానీ డాక్టర్ డిగ్రీ ఉండదు. నీకు డిగ్రీ రాబోతోంది కదా అని వాళ్ళకంటే నువ్వు ఎక్కువని ఒక్క క్షణం కూడా అనుకోకు. స్కాన్ అందుబాటులో లేనప్పుడు చేత్తో, చెవితో, కంటితో జబ్బు పట్టుకోవడం వాళ్ళ దగ్గరే నేర్చుకుంటావు. వాళ్ళని సార్ అనో సిస్టర్ అనో గౌరవంగా పిలువు, రౌండ్స్‌లో వాళ్ళ వెనకే నడువు.

పేద దేశాలకి వైద్యం తీసుకెళ్ళడమే గ్లోబల్ హెల్త్ అనుకుంటారు చాలామంది. అందులోని మంచి పద్ధతులు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే నాకు అలా అనిపించదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులకి పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్‌లో కలరా సోకింది. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువులచేతే తాగించారు. అంతకుముందు సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతంలోపుకి పడిపోయాయి. ఈరోజు ప్రపంచమంతా వాడే ఓఆర్ఎస్‌కి నమ్మకం తెచ్చింది ఆ శిబిరమే. అలాగే 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఉన్నవాటిలో ఇద్దరేసి పిల్లల్ని పెట్టాల్సివచ్చి, ఇన్ఫెక్షన్లు ముదిరాయి. డాక్టర్ ఎడ్గర్ రేయ్ నెలలు నిండని బిడ్డల్ని తల్లి గుండెలకి ఆనించి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. కంగారూ మదర్ కేర్ అని నువ్వు పుస్తకంలో చదివింది అదే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బిడ్డని ముందు ఇంక్యుబేటర్లో పెట్టకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికే ఆనించమని చెప్పింది. లేమిలోంచి వచ్చిన పద్ధతిని అన్నీ ఉన్న ఆసుపత్రులూ పాటిస్తున్నాయి. నువ్వు కూడా ఏదో ఇచ్చిరావాలని కాకుండా, ఇలాంటివి కళ్ళారా చూసి రావాలని వెళ్ళు.

ఇంకో విషయం. నువ్వు వెళ్ళడంవల్ల అక్కడి వాళ్ళకి పని తగ్గదు, పెరుగుతుంది. నీకు వార్డు చూపించాలి, నీ ప్రశ్నలకి జవాబు చెప్పాలి, నీకోసం రోగితో మాట్లాడి అనువాదం చేయాలి. ఆ సమయమంతా రోగులనుంచో, అక్కడి విద్యార్థులనుంచో తీసి ఇస్తున్నదే. కాన్పు చూడటానికి అక్కడి విద్యార్థిని వరసలో ఉంటే ఆ అవకాశం ముందు ఆమెది. రేపు ఆ ఆసుపత్రిలో ఉండేది ఆమె, నువ్వు కాదు.

మీ కాలేజీ వాళ్ళని కూడా ఒక మాట అడుగు: మనం పంపుతున్నాం సరే, అక్కడినుంచి ఎవరైనా ఇక్కడికి వస్తున్నారా? కెన్యాలోని ఎల్డొరెట్‌లో మోయి విశ్వవిద్యాలయం, అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం 1989 నుంచి కలిసి పనిచేస్తున్నాయి. కెన్యావాళ్ళు అమెరికాకి, అమెరికావాళ్ళు కెన్యాకి వెళ్ళి చదువుతారు. చాలాచోట్ల అలా జరగదు. పేద దేశపు విద్యార్థికి వీసా దొరకదు. దొరికినా దూరంగా నిలబడి చూడటమే, రోగిని తాకనివ్వరు. మనవాళ్ళకి కాన్పులు చేయనిచ్చి, వాళ్ళవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపడం న్యాయం కాదు. విద్యార్థులు అడిగితేనే ఇది మారుతుంది.

రోగుల ఫొటోలు వద్దు. పిల్లల ఫొటోలు అసలే వద్దు.

ఇక నీ జాగ్రత్త. సూది గుచ్చుకుంటే దాచిపెట్టకు, సిగ్గుపడకు. హెచ్ఐవీ రాకుండా వాడే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. అది ఆసుపత్రిలో ఉందో లేదో ముందే కనుక్కో, లేకపోతే వెంట తీసుకెళ్ళు. టీబీ వార్డుకి ఎన్95 మాస్కులు సరిపడా పెట్టుకో. మలేరియా మాత్రలు తిరిగొచ్చాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు వేసుకోవాలి, చాలామంది ఇంటికి రాగానే మానేస్తారు. రాత్రిళ్ళు రోడ్డు ప్రయాణాలు పెట్టుకోకు. నాకు జబ్బులకన్నా రోడ్డు ప్రమాదాలంటేనే ఎక్కువ టెన్షన్.

ఆక్సిజన్ అందితే బతికే బిడ్డ నీ కళ్ళముందే పోవచ్చు. ఆ రోజు అక్కడి నర్సుమీద కోపం వస్తుంది, ఎవరికీ పట్టదేమిటి అనిపిస్తుంది. అప్పుడు ఆమె ఎంతమంది రోగుల్ని ఒక్కతే చూస్తోందో లెక్కపెట్టి చూడు. నీ డ్యూటీ అయిపోయాక నువ్వు వెళ్ళిపోతావు, ఆమె మర్నాడు మళ్ళీ అదే వార్డుకి వస్తుంది. వీలైతే కాసేపు ఆమె పక్కన కూర్చో. నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

బయలుదేరేలోపు అక్కడ నిన్ను పర్యవేక్షించే డాక్టర్ ఎవరో, ఆయన సెలవులో ఉంటే ఎవరిని అడగాలో కనుక్కుని నాకు రాయి. ఆ రెండో పేరు మీ కాలేజీ వాళ్ళు చెప్పలేకపోతే, చెప్పేదాకా టికెట్ తీసుకోకు.

ప్రేమతో,
అమ్మ