నిమ్మ పూత మీదున్నప్పుడు సాళ్ల మధ్య గడ్డి ఉంచండి

గూడూరు, పొదలకూరు వైపు నిమ్మ తోటలున్న వాళ్లందరికీ. పూత సమయంలో దయచేసి తోటంతా ఒకేసారి చదును చేయించకండి, గడ్డిమందు అసలే వద్దు. ఈశాన్య రుతుపవనాల వానలకు మొలిచిన తుమ్మి, గడ్డిచామంతి (సన్నటి కాడ మీద పసుపు బొడ్డు, చుట్టూ లేత రేకులు) నిమ్మ పూత పలచబడ్డాక తేనెటీగలకు తిండి. నేలలో బొరియలు చేసుకుని ఒంటరిగా బతికే తేనెటీగల గూళ్లు రోటవేటరు తిరిగితే పోతాయి.

పాదుల్లో మాత్రం కలుపు ఉంచకండి, నీళ్లూ ఎరువూ అదే లాగేస్తుంది. సాలు విడిచి సాలు బ్రష్ కట్టర్‌తో 4 అంగుళాల ఎత్తున కోసి, మిగతావి నెల తర్వాత కోయండి. డ్రిప్ పైపులు ముందే పక్కకు జరపాలి, బ్లేడు మొదట తగిలేది వాటికే. వయ్యారిభామను మాత్రం పూయకముందే గ్లౌజులేసుకుని వేళ్లతో సహా పీకేయండి.

కోసిన గడ్డిని పాదులో పరిచేటప్పుడు మొదలుకు జానెడు దూరం వదలండి. ఆనించి వేస్తే తేమ నిలిచి బంక తెగులు వస్తుంది.

ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ లాంటి పురుగుమందులు పూత మీద కొట్టొద్దు, తేనెటీగలు చస్తాయి. చెట్టు మీద పూలు లేకపోయినా కింద గడ్డి పూసి ఉంటే అదే ప్రమాదం. ముందు గడ్డి కోసి, తర్వాతే మందు. మోటారు షెడ్డు, నడిచే దారి పక్కన 3 అడుగులు నున్నగా ఉంచండి, పాముల భయం ఉంటుంది.