మార్కులు కూడితే ఏకాభిప్రాయం రాదు

సంపాదకుల వారికి,

కథల పోటీల్లో న్యాయనిర్ణేతలు వందకు వేసిన మార్కులు కూడి, ఎక్కువ వచ్చిన కథకు మొదటి బహుమతి ఇవ్వడం మన దగ్గర రివాజు. దీన్ని మార్చాలని కోరుతున్నాం.

ముగ్గురు న్యాయనిర్ణేతలు, మూడు కథలు అనుకుందాం. ‘క’, ‘ఖ’, ‘గ’లకు మొదటివారు 60, 90, 65 వేశారు. రెండోవారు 74, 71, 72. మూడోవారు 75, 72, 71. మొత్తాలు 209, 233, 208 కాబట్టి బహుమతి ‘ఖ’కే. కానీ ముగ్గురిలో ఇద్దరికి ‘క’ అన్నిటికన్నా నచ్చింది! ఆ ఇద్దరి మార్కుల్లో తేడా నాలుగు దాటలేదు, మొదటివారిది 30. ఫలితం ఆయనొక్కరే తేల్చేశారన్నమాట.

అవే మార్కులను ర్యాంకులుగా మారిస్తే (నచ్చిన వరుసలో 1, 2, 3) మొత్తాలు 5, 6, 7; తక్కువ వస్తే మేలు. అందరిదీ ఒకే వరుసైతే 1, పొంతనే లేకపోతే 0 వచ్చే కెండాల్ గుణకం ఇక్కడ 0.11 మాత్రమే. ఏకాభిప్రాయం దాదాపు లేదు. అలాంటప్పుడు ప్రకటన ఆపి, కథలను మరో ఇద్దరితో చదివించాలి.

ఎవరి సగటును వారి మార్కుల్లోంచి తీసేసి, ఆ మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనంతో భాగిస్తే చాలదా అని అడుగుతుంటారు. అందరూ అన్ని కథలూ చదివితేనే అది చెల్లుతుంది. కథలను కట్టలుగా న్యాయనిర్ణేతలకు పంచితే, ప్రతి కట్ట సగటూ ఒకటే అయిపోతుంది కనుక, మంచి కథలు ఎక్కువగా పడిన కట్టకు అన్యాయం జరుగుతుంది.

కథలు ఎక్కువైతే రెండేసి ఇచ్చి, ఏది మేలో మాత్రమే అడగడం మంచిది. 30 కథలకు 435 జంటలవుతాయి, అన్నీ అక్కర్లేదు. ఒక్కో కథ పది పోలికల్లో వచ్చేలా చూస్తే 150 జంటలు, ఐదుగురికి తలా 30. గణాంకశాస్త్రజ్ఞులు బ్రాడ్లీ, టెర్రీ 1952లో ఇచ్చిన గణిత నమూనా ఈ గెలుపోటముల నుంచి ప్రతి కథకూ ఒక బలం కడుతుంది. రెండు కథల బలాలు 3, 1 అయితే మొదటిది నెగ్గే సంభావ్యత 3/4.

ఇందులోనూ చిక్కులున్నాయి. అన్ని పోలికల్లో నెగ్గిన కథ బలం అనంతానికి పోతుంది, లెక్క తెగదు. ప్రతి కథకూ ఒక ఊహా కథపై అర గెలుపు, అర ఓటమి కలిపితే అదుపులోకి వస్తుంది. కథలను కట్టలుగా విడదీసి, జంటలను ఏ కట్టకా కట్టలోపలే వేస్తే మాత్రం ఏ లెక్కా కాపాడదు. రెండు కట్టలను పోల్చే ఆధారమే ఉండదు కనుక, జంటలను మొత్తం కథల్లోంచి చీటీలు తీసినట్టు కలపాలి. ఏ కథ ముందు చదవాలన్నదీ అలాగే మార్చాలి.

ఫలితాలతో పాటు, పేర్లు లేకుండా, ఒక్కో న్యాయనిర్ణేత ఇచ్చిన వరుసనూ కెండాల్ గుణకాన్నీ అచ్చువేయమని పోటీల నిర్వాహకులకు మా విన్నపం.

– గణాంకశాస్త్ర అధ్యాపకులు, హైదరాబాద్