గోడంత అల వద్దు బావా

బావా,

కొత్త ఇల్లు, హాల్లో ఖాళీ గోడ, దాని మీద జపాన్ చిత్రకారుడు హోకుసాయ్ చెక్క అచ్చు బొమ్మ ‘పెద్ద అల’ను ఆరడుగుల కాన్వాసుపై అచ్చు వేయించి తగిలిద్దామన్న నీ ఆలోచన, అన్నీ చదివాను. సలహా చెప్పమని నువ్వే అడిగావు కనుక ఇక భరించు. అల పెట్టుకో, నాకేమీ అభ్యంతరం లేదు. ఆరడుగులు మాత్రం వద్దు.

ఆ బొమ్మ అసలు కొలత ఎంతో తెలుసా? ఎత్తు సుమారు 26 సెంటీమీటర్లు, వెడల్పు 38. ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, జనం దుకాణానికి వెళ్లి కొనుక్కొని, ఇంటికి తెచ్చి ఒళ్లో పెట్టుకొని చూసుకున్న కాగితం అది. అల కొసన వంకర్లు తిరిగిన నురగ, పడవల్లో ముందుకు వంగి కరుచుకుపోయిన మనుషులు, ఎక్కడో వెనక చిన్నగా కనిపించే ఫూజీ పర్వతం, ఇవన్నీ మూరెడు దూరం నుంచి చూసే కంటి కోసం గీసినవి, చెక్కినవి. వాటిని గోడంత చేయడమంటే కొండపల్లి బొమ్మను ఆరడుగులకు పెంచి సోఫా పక్కన నిలబెట్టడమే. చూసినవాళ్లు ‘అబ్బో’ అంటారు. దగ్గరికి వచ్చి చూడరు.

ఇక నకలు పెట్టుకుంటే నలుగురూ నవ్వరా అన్నావు. ఎవరైనా నవ్వితే, మరి అసలుది ఏదండీ అని అడుగు. తడుముకుంటారు. ఎందుకంటే చిత్రకారుడు పలచటి కాగితం మీద కుంచెతో గీసి ఇస్తే, చెక్కేవాడు దాన్ని చెక్క పలక మీద బోర్లా అంటించి, గీత ఉన్నచోట వదిలేసి మిగిలిన చెక్కంతా తొలిచేస్తాడు. ఆ కాగితం కూడా ఆ పనిలోనే పోతుంది. హోకుసాయ్ స్వహస్తాలతో గీసిన అల ఉలి కిందే ఆఖరైపోయిందన్నమాట. మనకు మిగిలినవన్నీ ప్రతులే.

ఆ చెక్కుడు పని గురించి చెప్పకుండా ఉండలేను. పలక అడవి చెర్రీది. గట్టి చెక్క, సన్నటి పోగు, వెంట్రుకంత గీతను నిలిపినా విరగదు. ముఖాలు, జుట్టు పెద్ద పనివాడే చెక్కాలి. బట్టలు, చెట్లు కుర్రవాళ్లకు వదిలేవాడు. ఉతమారో అనే మరో జపాన్ చిత్రకారుడు గీసిన స్త్రీల నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే చోటును కంప్యూటర్‌లో ఒకసారి పెద్దది చేసి చూడు (దీనికైతే ఎంత పెద్దది చేసినా ఏమీ అనను). ఆ వెంట్రుకలు ఒక్కొక్కటిగా చెక్కినవాడి పేరు బొమ్మ మీద సాధారణంగా ఉండదు. చిత్రకారుడి సంతకం ఉంటుంది, డబ్బు పెట్టిన ప్రచురణకర్త ముద్ర ఉంటుంది. నాకు ఇది ఇప్పటికీ మింగుడు పడదు.

గీతల పలక అయ్యాక రంగుకొక పలక. ప్రతి పలక మీదా మూలన ఒక గాడి, అంచున ఒక గాడి ఒకే చోట చెక్కుతారు. కాగితాన్ని వాటికి ఆనించి పరిస్తే రంగు రంగుమీద కచ్చితంగా పడుతుంది. వాటిని ‘కెంతో’ అంటారు. 1765లో చిత్రకారుడు హరునోబు కాలానికి ఈ పద్ధతి కుదురుకొని, బొమ్మలు నిండు రంగుల్లోకి వచ్చాయి. నీటి రంగును పలకకు కుంచెతో పూసి, తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి ‘బారెన్’తో వెనక నుంచి రుద్దుతారు. యంత్రం లేదు, బరువు పెట్టి నొక్కేది లేదు, అంతా భుజం బలమే. ఆకాశం పైన ముదురుగా మొదలై కిందికి వచ్చేసరికి కరిగిపోతుంది చూశావా, అది పలకలో చెక్కింది కాదు. అచ్చు వేసేవాడు ప్రతి కాగితానికీ ముందు రంగును తడిగుడ్డతో తుడిచి సాధిస్తాడు. అందుకే ఒకే పలకల నుంచి దిగిన రెండు ప్రతుల్లోనూ ఆకాశం అచ్చంగా ఒకేలా ఉండదు.

‘ఎరుపు ఫూజీ’ అని పేరుపడిన హోకుసాయ్ బొమ్మే ఉంది. మొదట్లో తీసిన ప్రతుల్లో ఆ కొండ ఎరుపు కాదు, లేత గులాబీ గోధుమ రంగు. తర్వాత దిగిన వాటిలో ఎర్రబడింది, ప్రపంచానికి ఆ ఎరుపే నచ్చింది. ఏది అసలుదో ఇప్పుడు నువ్వే చెప్పు.

పైగా ఇది పెద్దింటి కళ కాదు. 1842లో ప్రభుత్వం ఆంక్షలు పెట్టి, ఒక బొమ్మ ధర 16 మోన్‌లు (అప్పటి చిల్లర నాణేలు) దాటకూడదంది. ఒక గిన్నె సోబా నూడుల్స్ కూడా అప్పట్లో అంతే. ఆ ఆంక్షల్లోనే నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు వేయకూడదన్నారు. చిత్రకారుడు కునియోషి ఊరుకుంటాడా? పిల్లులకు నటుల ముఖాలు తగిలించి అమ్మాడు. మీ చిన్నదాని గదికి కునియోషి పిల్లులే పెట్టు, మారు మాట్లాడకు.

ఇంకో సంగతి. పాత ప్రతి దొరికినా దాన్ని గోడకు పెట్టుకోవడం పాపమే. కుసుంబా పూల నుంచి తీసిన గులాబీ రంగు, పూల రసంతో చేసిన పాత నీలం వెలుగు తగిలితే పాలిపోతాయి. అలలో కూడా ఆకాశంలో లేత గులాబీ మబ్బు ఉండేది. చాలా ప్రతుల్లో వెలిసిపోయి, అలాంటిది ఉండేదన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు. ప్రష్యన్ నీలం అనే కృత్రిమ రంగు మాత్రం గట్టిది. 1830 ప్రాంతంలో అది జపాన్‌లో చవకగా దొరకడం మొదలయ్యాకే, ఈ అల కూడా ఉన్న హోకుసాయ్ వరస ‘ఫూజీ ముప్పై ఆరు దృశ్యాలు’ వచ్చాయి (అమ్మకాలు బాగున్నాయని ప్రచురణకర్త మరో పది వేయించాడు, మొత్తం 46). అలలో గీతలు సైతం నలుపు కాదు, నీలమే. మ్యూజియాలు ఈ బొమ్మలను మసక వెలుగులో కొన్నాళ్లు చూపించి మళ్లీ లోపల పెట్టేస్తాయి. అలాంటప్పుడు విశాఖ ఎండలో నీ హాలు గోడకు నకలు కాక మరేం పెడతావు? జపాన్ వాళ్లే 2024 జులైలో వెయ్యి యెన్ల నోటు వెనక ఆ అలను అచ్చేసి జనం జేబుల్లో పెట్టారు.

ఆ కాలపు సామాన్యులు తమ ఇళ్లలో ఈ బొమ్మలను ఎలా పెట్టుకున్నారో తెలుసుకుంటే నీకు పనికొస్తుంది. తెరలకు అంటించారు, విసనకర్రలకు అంటించారు. స్తంభాల కోసమే ప్రత్యేకంగా పొడవాటి బొమ్మలు వచ్చాయి, ‘హషిరా-ఎ’ అని, సుమారు 70 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు. అంత ఇరుకులో ఒక నిలువెత్తు మనిషిని, సగం తలుపు చాటున ఉన్నట్టు ఇమిడ్చారు. నీ హాలుకూ వంటింటికీ మధ్య ఉన్న ఆ సన్నటి గోడ ముక్క ఏం పెట్టాలో తెలియడం లేదన్నావు కదా, దానికి ఇంతకంటే తగినది లేదు. పారిస్‌లో చిత్రకారుడు వాన్ గో ఈ బొమ్మలను వందల్లో కొని గోడలకు గుండుసూదులతో గుచ్చుకున్నాడు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే తన జివెర్నీ ఇంట్లో భోజనాల గదికి పసుపు రంగు వేయించి గోడల నిండా వీటినే ఫ్రేములు కట్టి తగిలించాడు. ఇద్దరూ గోడలకు పెట్టుకున్నది ఆ చిన్న కాగితాలనే.

నన్నడిగితే హాలుకు అల కన్నా, హిరోషిగే అనే మరో జపాన్ చిత్రకారుడి వాన బాగుంటుంది. 1857 నాటి ‘షిన్-ఒహాషి వంతెన మీద హఠాత్తుగా వాన’. పైన ముసురుకొచ్చిన నల్లమబ్బు, వంతెన మీద గొడుగుల కింద, చాపల కింద తలదాచుకుంటూ పరుగెత్తే జనం. వాన గీతలను రెండు పలకల మీద కొద్దిగా వేర్వేరు వాలుల్లో చెక్కారు. అందుకే ఆ వాన బొమ్మలో నిలబడిపోకుండా కురుస్తూ ఉంటుంది. వాన్ గో 1887లో దాన్ని తైలవర్ణాల్లో వేసుకున్నాడు. బాగానే ఉంటుంది కానీ వాన మందమైంది. ఇది నిలువు బొమ్మ, చూసుకో.

చదువుకునే బల్ల పైన యోషిదా హిరోషి బొమ్మ ఒకటి పెట్టు. ఆయన ఎడో కాలం వాడు కాదు, ఇరవయ్యో శతాబ్దం వాడు. 1930–31లో మన దేశమంతా తిరిగి వెళ్లి తాజ్‌మహల్, మదురై, అజంతా, ఎల్లోరాల మీద చెక్క అచ్చు బొమ్మలు చేశాడు. అజంతా, ఎల్లోరా అప్పుడు నిజాం హైదరాబాద్ రాజ్యంలోవి, అంటే మన తాతల కాలం నాటి మన సంస్థానమే. గుహ లోపలి చీకటిలోకి పడే వెలుగును ఆయన ఎన్ని పొరల రంగులతో తెచ్చాడో చూస్తే నాలాగే నోరెళ్లబెడతావు.

కొనే సంగతికి వస్తే, డబ్బు పెట్టగలిగితే టోక్యోలో అదాచి, క్యోటోలో ఉన్సోదో అనే అచ్చు సంస్థలు ఉన్నాయి. పాత బొమ్మలను మళ్లీ పలకలు చెక్కి, చేతితోనే అచ్చు వేసి అమ్ముతారు. రంగు కాగితంలోకి ఇంకి, వెనక్కి తిప్పితే బారెన్ జాడలు కూడా కనిపిస్తాయి. అంత వద్దనుకుంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ తమ ప్రతుల ఫొటోలను ఉచితంగా ఇస్తున్నాయి. అసలు కొలతకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, వెడల్పులో దాదాపు 4,500 పిక్సెళ్లుంటే చాలు. మందపాటి, మెరుపు లేని నూలు కాగితం మీద తీయించు. కొట్లో వాడు మెరిసే కాగితం బాగుంటుందంటాడు, లామినేషన్ కూడా చేద్దామంటాడు. వినకు. ‘వందేళ్ల నాటి ఒరిజినల్’ అని ఇంటర్నెట్‌లో ఎవరైనా చవకగా అమ్మజూపితే భూతద్దం పెట్టు. వరసగా చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ అచ్చు.

ఫ్రేముకు సన్నటి చెక్క చాలు, బంగారు పూత అక్కర్లేదు. ఆమ్లం లేని మౌంటు బోర్డు నాలుగు వైపులా వెడల్పుగా వదలమను. కాగితం అద్దానికి తగలకూడదు, నీ సముద్రపు గాలికి అతుక్కుపోతుంది. వాన తడి దిగే బయటి గోడకు, పడమటి ఎండ పడే గోడకు వద్దు. ఎత్తు కూడా తగ్గించు, కుర్చీలో కూర్చుంటే కంటికి ఎదురుగా రావాలి.

గోడ కొలతలు, కిటికీ ఎటుందో రాసి పంపు. చెల్లాయిని కూడా అడుగు. ఆమె ఎరుపు ఫూజీయే కావాలంటే ఈ ఉత్తరంలో హిరోషిగే గురించి రాసినదంతా కొట్టేసి ఎరుపు ఫూజీయే తీసుకో, 38 సెంటీమీటర్లలో.

నీ మిత్రుడు