‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికలో మన ఊళ్లకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రికలో రోజూ వచ్చే ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక ఆ శీర్షికను నేను వదలకుండా చదువుతాను. అయితే నాకంటే శ్రద్ధగా చదివేవాళ్లు వేరే ఉన్నారు. నల్లగొండలో గ్రంథాలయానికి వెళితే, ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్న యువతీ యువకులు పేపరు చేతికి రాగానే ముందు తిప్పేది ఆ పేజీనే. లాంగ్ నోటుబుక్కులో నిలువుగా గీత కొట్టి, ఎడమవైపు సంవత్సరం, కుడివైపు సంఘటన రాసుకుని, రాయడం అయిపోగానే పేపరును పక్కవాళ్లకు జరుపుతారు. పాఠ్యపుస్తకాలు దాటి వాళ్లకు దొరికే చరిత్రలో పెద్ద భాగం ఆ నోటుబుక్కే. మీరు వేసింది అందులోకి ఎక్కుతుంది, మీరు వదిలేసింది ఎక్కదు. అందుకే ఆ నాలుగంగుళాల చోటులో ఏముండాలన్నది ఆలోచించవలసిన విషయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

జూలై 4వ తేదీనే తీసుకుందాం. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనతో ఆ రోజు జాబితా మొదలవుతుంది. ఆ ప్రకటన ముసాయిదా రాసిన థామస్ జెఫర్సన్, దాని ఆమోదం కోసం గట్టిగా వాదించిన జాన్ ఆడమ్స్ సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత 1826లో అదే జూలై 4న, ఒకే రోజున కన్నుమూశారన్నది ఒకసారి చదివితే మరచిపోలేని సంగతి. అల్లూరి సీతారామరాజు 1897లో పుట్టింది ఈ తేదీనే. స్వామి వివేకానంద బేలూరు మఠంలో 1902లో దేహం చాలించింది, మేరీ క్యూరీ 1934లో, పింగళి వెంకయ్య 1963లో కన్నుమూసింది కూడా ఈ తేదీనే. ఇవన్నీ ఉండవలసినవే, ఒక్కటి కూడా తీసేయమని నేను అనను. వీటన్నిటి కింద, చోటు మిగిలితే, ‘1946: దొడ్డి కొమరయ్య మరణం’ అన్న ఒక్క వరుస ఉంటుంది. చోటు మిగలని ఏడు అది కూడా ఉండదు.

ఆయన ఏ ఊరివాడు, ఎలా చనిపోయాడు, ఎందుకు చనిపోయాడు అన్నది ఆ వరుస చెప్పదు. ఆయన ఊరు కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది కానీ, ఆనాడు జనగామ తాలూకా మొత్తం నల్లగొండ జిల్లాలోదే. విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) రామచంద్రారెడ్డి ఏలుబడిలో వెట్టికి, అక్రమ వసూళ్లకు, భూముల ఆక్రమణకు ఎదురుతిరిగిన రైతులు, కూలీలు ఆంధ్ర మహాసభ సంఘంలో చేరారు. 1946 జూలై 4న ఆ సంఘం వాళ్లు ఊరేగింపుగా నినాదాలు చేసుకుంటూ గడీ, అంటే దొర కోట లాంటి ఇంటి సమీపానికి రాగానే దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. గొర్ల కాపరుల కుటుంబంలో పుట్టిన కొమరయ్య అక్కడికక్కడే ఒరిగిపోయాడు, ఆయన సోదరుడు మల్లయ్య గాయపడ్డాడు. తెలంగాణ రైతాంగ పోరాటం మరో మలుపు తిరిగింది ఆ రోజునే. రాజు మీద తిరగబడి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నవాళ్లను, మన్యంలో తెల్లదొరలను ఎదిరించినవాడిని తలుచుకునే తేదీ కిందనే గడీని ఎదిరించి ప్రాణం విడిచిన కడవెండి యువకుడినీ నిలబెట్టి ఆ నాలుగు వాక్యాలు రాస్తే, గ్రంథాలయంలో నోటుబుక్కు నింపుకునే పిల్లకు అమెరికా నుంచి జనగామ దాకా ఒకే రోజులో ఒక దారి కనపడుతుంది.

తేదీలు కలవడం కాకతాళీయమే కదా, దానికి ఇంత అర్థం ఎందుకని అడిగేవారుంటారు. చాలావరకు కాకతాళీయమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ కొన్ని తేదీలను పట్టుకుని లాగితే ఒకదాని వెంట ఒకటి కదిలి వస్తాయి. సెప్టెంబరు 11 చూడండి. ఆ తేదీ అనగానే ఇప్పటి పిల్లలకు 2001లో న్యూయార్కులో కూలిన జంట భవనాలు, కొంచెం చదివినవాళ్లకు 1893లో షికాగో సర్వమత మహాసభలో వివేకానంద ప్రసంగం గుర్తుకొస్తాయి. 1906లో అదే తేదీన దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్‌లో ఎంపైర్ థియేటరులో సమావేశమైన భారతీయులు, తమ మీద రుద్దుతున్న రిజిస్ట్రేషన్ చట్టానికి లొంగేది లేదని గాంధీజీ సమక్షంలో ప్రతిజ్ఞ చేశారు. సత్యాగ్రహానికి పునాది పడింది అక్కడే. మన దగ్గర 1947లో అదే సెప్టెంబరు 11న బొల్లేపల్లి బిడ్డ రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఆయుధం పట్టకుండా పోరాడతామన్న ప్రతిజ్ఞ, ఆయుధం పట్టక తప్పదన్న పిలుపు ఒకే తేదీన పడ్డాయన్నమాట. అణచివేతను ఎలా ఎదుర్కోవాలన్న ప్రశ్నకు వచ్చిన రెండు జవాబులు అవి. తరగతిలో ఒక పూటంతా చర్చ జరిపించడానికి ఇంతకంటే మంచి విషయం నాకు తోచదు.

అదే సెప్టెంబరు 11న, 1895లో, వినోబా భావే జన్మించారు. ఆయనను నల్లగొండ జిల్లా పల్లెల్లోకి రప్పించింది ఆ సాయుధ పోరాటమే. 1951లో హైదరాబాదు దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగిశాక, భూమి కోసం రక్తం పారుతున్న పల్లెలను కళ్లారా చూడాలని ఆయన కాలినడకన బయలుదేరి, ఏప్రిల్ 18న అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి చేరారు. అక్కడి దళిత కుటుంబాలవారు తమకు ఎనభై ఎకరాలు ఉంటే బతుకుతామని ఆయనతో చెప్పుకున్నారు. ప్రభుత్వానికి రాసే సంగతి అటుంచి, ఊళ్లోవాళ్లు ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలై దేశమంతా నడిచింది. ఆ ఉద్యమంలో పంచిన భూమి ఎంత, కాగితాల మీదనే మిగిలింది ఎంత అన్న చర్చ వేరే ఉంది, అదీ జరగవలసిందే. కానీ ఏప్రిల్ 18న మీ శీర్షికలో 1930 నాటి చిట్టగాంగ్ ఆయుధాగారం మీద దాడి, 1955లో ఐన్‌స్టీన్ మరణం, అదే ఏడు అదే రోజున ఇండోనేషియాలోని బాండుంగ్‌లో ఆసియా, ఆఫ్రికా దేశాల సదస్సు ప్రారంభం వచ్చి, పోచంపల్లి రాకపోతే నాకు బాధ కలుగుతుంది. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినోత్సవం కూడా. మన వారసత్వమంటే కోటగోడలు, గుడి గోపురాలు మాత్రమే కాదు కదా.

ఇక కాకతాళీయం కాని సందర్భం ఒకటుంది. 1948 సెప్టెంబరు 17 సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించిన సంగతి మన ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. సరిగ్గా అదే రోజున జెరూసలేంలో పాలస్తీనా వివాదానికి ఐక్యరాజ్యసమితి నియమించిన మధ్యవర్తి ఫోక్ బెర్నడోట్‌ను కాల్చి చంపారు. దానికీ హైదరాబాదుకూ ఏం సంబంధమని అనిపించవచ్చు. నిజాం ప్రభుత్వం భారతదేశం మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. ప్యారిస్‌లో సమావేశమైన ఆ మండలి ముందుకు హైదరాబాదు విషయం వచ్చింది సెప్టెంబరు 16న, అంటే ముందు రోజున. మునుగోడు, సూర్యాపేట పల్లెల్లో రజాకార్ల భయంతో జనం రాత్రిళ్లు చేలల్లో తలదాచుకుంటున్న రోజుల్లోనే, మన రాష్ట్రం భవిష్యత్తు గురించిన కాగితాలూ, పాలస్తీనా కాగితాలూ ఒకే మండలి బల్ల మీదికి చేరాయి. సెప్టెంబరు 17ను ఏ పేరుతో పిలవాలన్న రాజకీయ వాదన ఏటా పేజీలకు పేజీలు నింపుతుంది. ఈ సంగతి మాత్రం ఎక్కడా ఒక్క వాక్యం కనపడదు.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. డిసెంబరు 10 అనగానే 1948లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటన వస్తుంది. 1955లో అదే రోజున నెహ్రూ నందికొండ వద్ద నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లక్షల ఎకరాలకు నీళ్లిచ్చిన ఆ ఆనకట్ట, ఊళ్లు వదిలి లేచిపోయినవాళ్ల హక్కుల ప్రశ్నను కూడా వెంటబెట్టుకొచ్చింది కనుక ఆ రెండింటినీ పక్కపక్కన వేయడమే న్యాయం. మే 10న మీరట్‌లో 1857 తిరుగుబాటు మొదలైంది. 1926లో అదే తేదీన సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. ఆయన పుట్టింది మే 28న. అదే రోజున ఎన్.టి.రామారావు జయంతి కావడం వల్ల పత్రికలన్నీ ఆ వేడుకలతో నిండిపోవడం సహజమే. అయినా పాలమూరు గడ్డ మీద పుట్టి, తెలంగాణలో తెలుగు పత్రికా రచనకు దారి వేసిన మనిషికి ఆ రోజున ఒక తెలుగు పత్రిక నాలుగు వరుసలు ఇవ్వలేకపోవడం మాత్రం సరికాదు.

మన ప్రాంతపు తేదీలు ఇలా జారిపోవడానికి పత్రికల ఉదాసీనత ఒక్కటే కారణం కాదని కూడా చెప్పాలి. నిజాం ప్రభుత్వం ఫస్లీ సంవత్సరం పాటించేది. పహాణీలు, సేత్వార్ల వంటి పాత భూమి రికార్డులు చూసిన రైతులకు ఈ సంగతి తెలుసు. అది అక్టోబరులో మొదలై మరుసటి అక్టోబరు దాకా నడుస్తుంది కనుక, 1355 ఫస్లీ అంటే 1945 అక్టోబరు నుంచి 1946 అక్టోబరు దాకా అన్నమాట. ఫస్లీకి 590 కలిపితే సరిపోతుందనుకుని లెక్క కడితే కడవెండి ఘటన 1945లోకి వెళ్లిపోతుంది. జాగీర్ల రద్దు శాసనం పేరులో 1358 ఫస్లీ అని ఉంటుంది. అది అమలైంది 1949 ఆగస్టు 15న. 1947లో ఆ తేదీన దేశమంతా జెండా ఎగరేస్తుంటే హైదరాబాదు రాజ్యంలో జెండా పట్టుకున్నవాళ్లను అరెస్టు చేశారు. రెండేళ్లు తిరిగేసరికి అదే తేదీన జాగీర్లు పోయాయి. మన పల్లె రైతుకు ఆగస్టు 15 రెండు విధాల పండుగ రోజు. ఆ రెండోది మన పేపర్లలో ఎవరూ రాయరు. క్యాలెండరు తేడా తెలియకపోతే పెద్ద పేర్ల విషయంలోనూ పొరపాటు జరుగుతుంది. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజు చనిపోయారని తరచుగా అచ్చవుతుంటుంది. అప్పటికి ఇంగ్లండులో పాత క్యాలెండరు, స్పెయిన్‌లో కొత్త క్యాలెండరు అమలులో ఉన్నాయి కనుక ఆ రెండు ఏప్రిల్ 23ల మధ్య పది రోజుల తేడా ఉంది.

పైగా 2016 అక్టోబరులో జిల్లాలు మారాక మరో చిక్కు వచ్చింది. కడవెండి జనగామకు, పోచంపల్లి యాదాద్రి భువనగిరికి, సురవరం వారి ఊరు జోగులాంబ గద్వాలకు వెళ్లాయి. పాత పుస్తకాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ అని ఉన్నవాటిని ఈ తరం పిల్లలు నేటి పటంలో వెతికి దొరక్క వదిలేస్తున్నారు. ‘అప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పటి జనగామ జిల్లా’ అని రెండూ రాయడానికి పట్టే చోటు ఎంత?

కనుక నా విన్నపం ఇది. ప్రతి తేదీ కింద ప్రపంచపు సంగతులతోపాటు తెలంగాణకు చెందిన సంఘటన ఒక్కటైనా వేయండి. వేసిన ప్రతిదానికీ ఊరు, కారణం, పర్యవసానం తెలిసేలా రెండు మూడు వాక్యాలు రాయించండి. అందుకు చోటు చాలకపోతే పది అంశాల బదులు ఐదు వేసినా ఫరవాలేదు. ఒకే తేదీన పడ్డ రెండు సంఘటనల మధ్య నిజంగా సంబంధం ఉంటే ఆ సంబంధం చెప్పండి, లేకపోతే లేదని వదిలేయండి, లేనిది అల్లవద్దు. ఫస్లీ తేదీలను మార్చేటప్పుడు నెల చూసి మార్చమని డెస్కులో ఉన్నవారికి సూచించండి.

జిల్లాల నుంచి అంత సమాచారం వస్తుందా అన్న అనుమానం మీకు రావచ్చు. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకప్పుడు వచ్చినప్పుడు, సురవరం ప్రతాపరెడ్డి ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తీసుకొచ్చారు. అడిగిన పత్రిక ఉంటే పంపే ఊళ్లు ఉంటాయి. కళాశాలల్లో చరిత్ర అధ్యాపకులున్నారు, గ్రంథాలయాల్లో పాత సంచికలున్నాయి, పోరాటకాలపు సంగతులు తాతల నోట విన్న మనుమలు ఉన్నారు. మీ పత్రిక పాఠకులను ఒక్కసారి అడిగి చూడండి. దక్షిణ తెలంగాణకు సంబంధించి నాకు తెలిసిన తేదీలను, ఏ తేదీ ఎక్కడ దొరికిందో ఆ ఆధారంతో సహా, నెలవారీగా రాసి మీకు పంపుతాను. మీ డెస్కు వారు సరిచూసుకుని, నిలబడినవి వేసుకుని, నిలబడనివి తీసేయవచ్చు. ముందుగా జూలై నెల పంపుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
నల్లగొండ