ప్లాస్టిక్ కుర్చీ తమ్ముడికి కృతజ్ఞతలు

కాజీపేట ఫాతిమానగర్ దగ్గర అమ్మ చదువుకున్న చర్చి స్కూల్ జూబ్లీకి మొన్న వెళ్లాం. బండ్లన్నీ గేటు బయటే ఆపేశారు. స్టేజీ చూస్తే గ్రౌండ్ అవతలి కొసన ఉంది. మోకాళ్ల నొప్పులతో అమ్మ అంత దూరం ఎట్లా నడుస్తుందోనని నాకు ఒకటే టెన్షన్.

అప్పుడొచ్చావు నువ్వు. వాలంటీర్ బ్యాడ్జీ కూడా లేదు. ఒక చేత్తో అమ్మ రెక్క పట్టుకున్నావు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కుర్చీ. నాలుగడుగులు నడిపించడం, కుర్చీ వేసి కూర్చోబెట్టడం, ఆమె ఊపిరి తీసుకోగానే మళ్లీ లేపడం. మెత్తటి మట్టిలో కుర్చీ కాలు దిగబడుతుంటే కింద నీ చెప్పు పెట్టావు. "ఆగమేం లేదమ్మా, ఇంకా పాటలే నడుస్తున్నయి" అన్నావు.

కూర్చున్నప్పుడల్లా ఆమె పాత ముచ్చట్లన్నీ నీకే. 1952లో వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) ఏర్పడటం, మొదటి బిషప్ అల్ఫోన్సో బెరెట్టా ఇటలీ నుంచి వచ్చినవారు కావడం, రైల్వే కాలనీ పిల్లలతో క్లాసులు నిండిపోవడం. నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఎవరం అంత ఓపికగా వినం.

ముందు వరసలో కూర్చోబెట్టి, బగారన్నం ప్లేటు చేతికిచ్చి, పేరు అడిగేలోపే జనంలో కలిసిపోయావు. తనతో చదివినవాళ్లను గుర్తుపట్టి అమ్మ ఏడ్చింది, నవ్వింది. (ప్రసంగాలు మాత్రం కాస్త పొడుగయ్యాయి.) "సల్లగుండు బిడ్డా" అని నీతో అనలేకపోయానని ఆమె బాధ. అందుకే ఈ నాలుగు ముక్కలు.

నీ స్టీల్ వాటర్ బాటిల్ మా దగ్గరే ఉండిపోయింది తమ్ముడూ. స్కూల్ ఆఫీసులో ఇచ్చాం, తీసుకో.