హబ్ వచ్చింది, పరీక్షకు ఒక చెరువు కూడా ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ, ఎలక్ట్రానిక్స్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది, భీమవరంలో. రాజమండ్రిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ పెట్టినందుకు గోదావరి జిల్లాల వాళ్లందరం సంతోషించాం. ఐడియా ఉన్నవాళ్లకు అక్కడ చేయూత దొరుకుతుంది. ఆ ఐడియా రైతు నమ్మి కొనే వస్తువు కావడానికి ఆ తర్వాత రెండు మూడేళ్లు పడుతుంది. మాలాంటి కంపెనీలు మూతపడేది ఆ మధ్యకాలంలోనే. ఈ ఉత్తరం దాని గురించే.

పగలంతా చెరువుకు ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే కంటికి కనబడని నాచు), రాత్రయ్యేసరికి తానే ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందకి దిగితే వనామి రొయ్య తట్టుకోవడం కష్టం. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే, పట్టుబడికొచ్చిన పంట గంటల్లో పోతుంది. మా సెన్సార్ ముందే రైతు ఫోన్ మోగిస్తుంది. ల్యాబ్‌లో బీకరు నీళ్లలో అది చక్కగా పనిచేస్తుంది. చెరువులో దింపిన కొద్ది రోజులకే, నీళ్లలో మునిగి కొలిచే ప్రోబ్‌కి పాకుడు పట్టి రీడింగ్ తప్పుతుంది. ఉప్పుగాలికి సర్క్యూట్ బోర్డు మీద రాగి పచ్చబడిపోతుంది. ఒక్క రాత్రి తప్పు రీడింగ్ వచ్చిందా, ఆ రైతు ఇక మన వస్తువు ముట్టుకోడు. లక్షల పెట్టుబడి నీళ్లలో పెట్టినవాడు మరెలా నమ్ముతాడు?

కొత్త మోడల్ డిజైన్ చేయాల్సిన ఇంజినీర్లే బండేసుకుని చెరువులకెళ్లి ప్రోబులు కడుగుతారు. వాళ్లలో ఒకరికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే, ఏ భాగం ఎందుకు మార్చామో ఆ సంగతంతా వాళ్లతోనే వెళ్లిపోతుంది. అందుకని పాడైన ప్రతి పరికరం చరిత్రా రాసి పెడుతున్నాం: ఏ చెరువు, నీటి ఉప్పదనం ఎంత, ఎందుకు పాడైంది, ఏం మార్చాం. కొత్తగా చేరినవాళ్లకు ముందు ఆ పుస్తకమే ఇస్తాం. మా కంపెనీకి అసలు ఆస్తి అదే అని నా నమ్మకం.

మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ వరి ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. వరి పండే డెల్టా నడిబొడ్డునే ఆ వంగడం తయారైంది. పరికరాలకూ అలాంటి చోటు కావాలి. కాకినాడలో మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అలాంటి చోట్ల కొన్ని చెరువులు చిన్న కంపెనీల పరీక్షలకు కేటాయించండి. రాజమండ్రి హబ్‌లో తేమ, ఉప్పు, వేడి తట్టుకుంటుందో లేదో చూసే గది, సెన్సార్లు సరిచూసే ల్యాబ్ పెట్టించండి.

ఇక కొనుగోళ్లు. ఒక ప్రభుత్వ శాఖ టెండర్‌కి వెళ్తే మూడేళ్ల టర్నోవర్ చూపించమన్నారు. నిన్న పుట్టిన కంపెనీ ఎక్కడి నుంచి తెస్తుంది? నాణ్యత బాగుంటే స్టార్టప్‌లకు పాత అనుభవం, టర్నోవర్ షరతులు సడలించవచ్చని కేంద్ర ఆర్థిక నియమావళి 2017లోనే చెప్పింది. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం ఉంది. ఈ రెండూ జిల్లా ఆఫీసుల దాకా దిగివచ్చేలా చూడండి. బిల్లు ఆరు నెలలు ఆగితే మా దగ్గర ముందుగా ఆగేది కొత్త మోడల్ పనే, ఎందుకంటే జీతాలు ఆపలేం.

ఇలాంటి కంపెనీ ఇక్కడే నిలబడితే పరికరాలకు ప్లాస్టిక్ డబ్బాలు పోసే మౌల్డింగ్ షాపుకీ, వైరింగ్ చేసే ఐటీఐ కుర్రాళ్లకీ పని ఉంటుంది. మా ఊళ్ల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లు బెంగళూరు బస్సెక్కకుండా ఉండడానికి ఒక కారణం దొరుకుతుంది.

వేసవి పంటకు సీడు (రొయ్య పిల్లలు) వేసేలోపు ఒక్క చెరువు ఇప్పించినా చాలు. పరికరాలు, మనుషులు, కరెంటు ఖర్చు మేమే పెట్టుకుంటాం. రీడింగులన్నీ, తప్పినవాటితో సహా, మీ శాఖకు రాసిస్తాం. ఏ రైతు అడిగినా చూపిస్తాం.

ఇట్లు,
భీమవరం నుంచి ఒక చిన్న కంపెనీ ఇంజినీరు